లక్షల కిలోమీటర్లు నడవాల్సిన కారుకి సింథటిక్ ఆయిలా, మామూలు ఆయిలా?

ఓడోమీటర్ లక్ష దాటిన కార్లున్న వాళ్లు ఇద్దరు కలిస్తే ఈ వాదన మొదలవకుండా ఉండదు. ఒకరు ఖరీదైన సింథటిక్ ఇంజిన్ ఆయిల్ (రసాయన ప్రక్రియతో ప్రత్యేకంగా తయారుచేసింది) పోయించి, పదిహేను వేల కిలోమీటర్ల దాకా బానెట్ ఎత్తరు. ఇంకొకరు ముడి చమురు శుద్ధి చేసి తీసిన మామూలు మినరల్ ఆయిల్ పోయించి, ఐదు వేలు తిరగ్గానే ఫిల్టర్‌తో సహా మార్పించేస్తారు. ఎవరి ఇంజిన్ ఎక్కువ కాలం నడుస్తుంది?

ఆయిల్‌కీ ఆయిల్‌కీ పోటీ పెడితే సింథటిక్‌దే పైచేయి. చలిలో కూడా తేలిగ్గా పారుతుంది కాబట్టి స్టార్ట్ చేసిన వెంటనే పై భాగాలకు అందుతుంది. వేడికి తట్టుకుంటుంది, ఆవిరై తగ్గిపోవడమూ తక్కువే. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) ఉన్న ఇంజిన్ అయితే అసలు చర్చే అక్కర్లేదు. టర్బో షాఫ్ట్ దగ్గరి వేడికి మినరల్ ఆయిల్ మాడి, నల్లగా గట్టిపడి దారులు మూసేస్తుంది.

అయితే ఆయిల్ ఎంత మంచిదైనా అందులోకి చేరే చెత్త చేరుతూనే ఉంటుంది. మసి, కాలకుండా మిగిలిన పెట్రోలు, నీటి ఆవిరి, వీటివల్ల పుట్టే ఆమ్లాలు. వీటిని అదుపులో ఉంచడానికి ఆయిల్‌లో కలిపే రసాయనాలు సింథటిక్‌లోనూ ఖర్చైపోతాయి. రోజూ రెండు మూడు కిలోమీటర్లు తిరిగి ఆగిపోయే కారుకి ఇది మరీ ఎక్కువ. ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, లోపలి తేమ బయటికి పోదు. అలాంటి కారు పదిహేను వేలు తిరగడానికి ఏళ్లకేళ్లు పట్టొచ్చు. అప్పటికి లోపల ఉండేది ఆయిల్ కాదు, బురద! సర్వీస్ పుస్తకంలో 'ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని నెలలు, ఏది ముందైతే అది' అని ఉంటుంది. ఆ రెండో సగాన్ని చాలామంది చదవరు. నేనూ చాలాకాలం చదవలేదు.

అందుకే టర్బో లేని పాత ఇంజిన్‌కి, తయారీదారు మినరల్ ఆయిల్ చాలన్న చోట, సమయానికి మార్చే మామూలు ఆయిలే నయమంటాను. సాగదీసిన సింథటిక్ కంటే అదే మేలు. కొత్త తరం టర్బో ఇంజిన్లకు సింథటిక్ తప్పనిసరి, అదీ పుస్తకంలో రాసిన గ్రేడే. కాకపోతే గడువు చివరిదాకా లాగకుండా ఎనిమిది, పది వేలకో లేదా ఏడాదికో మార్చేస్తాను. ఎక్కువ ఖర్చే, కాదనను. ఇంజిన్ విప్పించే ఖర్చు ముందు అదెంత?

1966లో కొన్న వోల్వో పీ1800ని 2013 నాటికి 30 లక్షల మైళ్లు నడిపిన అమెరికన్ టీచర్ ఇర్వ్ గోర్డన్‌ని చూడండి. మధ్యలో ఇంజిన్ విప్పించి బాగు చేయించుకున్నాడు గానీ, సర్వీస్ మాత్రం కారుతో వచ్చిన పుస్తకం ప్రకారమే చేయించేవాడు.

ఇంజిన్ వాల్వులు సరైన సమయానికి తెరుచుకునేలా చూసేది టైమింగ్ బెల్టు లేదా టైమింగ్ చైన్. ఈ రెండింట్లో ఏది మేలన్న ప్రశ్నకీ జవాబు ఆయిల్ దగ్గరే ఉంది. రబ్బరు బెల్టుకి గడువుంటుంది, తెగేలోపు మార్చాలి. లేదంటే చాలా ఇంజిన్లలో పిస్టన్లు వాల్వులకు తగిలి వంచేస్తాయి. చైన్‌కి అలా రాసిపెట్టిన గడువు సాధారణంగా ఉండదు గానీ, అది ఆయిల్‌లోనే తిరుగుతుంది, చాలా వాటిలో దాన్ని బిగించి ఉంచే టెన్షనర్ కూడా ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. మురికి ఆయిల్‌తో నడిపితే చైన్ సాగుతుంది. ఆయిల్ విషయంలో బద్ధకం ఉన్నవాళ్లకి బెల్టే నయం, కనీసం తేదీ చెబుతుంది.

ఇక ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదన్న మాట. ఎవరి జీవితం, గేర్‌బాక్స్‌దా, వారంటీదా? లక్ష లోపే ఒకసారి మార్పించడం మంచిది. రెండు లక్షలు దాటినా ఎప్పుడూ మార్చలేదంటే, మెషిన్ పెట్టి ఒత్తిడితో కడిగించడం కంటే, గేర్‌బాక్స్ అడుగున ఉన్నంత ఆయిల్ దింపి అంతే కొత్తది పోసి, కొన్నాళ్లు నడిపి, మళ్లీ అలాగే చేయించండి.