ఆల్ఫా డేట్ పికర్‌తో రెండేళ్లు

బెంగళూరు మారతహళ్లిలో మా చిన్న టీమ్ కల్యాణ మండపాలకు బుకింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తుంది. రెండేళ్ల కిందట ఒక రియాక్ట్ (వెబ్ పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ పనిముట్టు) లైబ్రరీ వాళ్లు ప్రయోగాత్మకంగా, అంటే ఆల్ఫాగా, వదిలిన డేట్, టైమ్ పికర్లు (పేజీలో తేదీ, టైమ్ ఎంచుకునే రెడీమేడ్ భాగాలు) చూసి ముచ్చటపడి తెచ్చుకున్నాం. ఇప్పటికీ అవే వాడుతున్నాం, అప్పుడప్పుడూ తిట్టుకుంటూ.

ఫోన్‌లో వేలికి అందేంత గడులు, కీబోర్డు బాణాలతో తేదీ మార్చుకునే వీలు, రెండూ బాగున్నాయి. బ్రౌజర్ సొంత డేట్ బాక్స్ సెట్టింగును బట్టి ఒక కంప్యూటర్లో నెల ముందు, ఇంకోదాంట్లో రోజు ముందు చూపించేది. 05/06 అంటే మే ఆరా, జూన్ ఐదా అని మండపం మేనేజర్ ఫోన్ చేసేవారు. ఆ బాధ తప్పింది.

కానీ ఆల్ఫా అంటే ఆల్ఫానే. వెర్షన్ నంబర్ ముందుండే, కొత్త వెర్షన్లను రానిచ్చే టోపీ గుర్తు (^) తీయలేదు, ఉన్న వెర్షన్లను రాసిపెట్టే లాక్ ఫైల్‌ను మా కోడ్ ఉండే గిట్‌లో పెట్టలేదు (బుద్ధి తక్కువై). ఒక సోమవారం కొత్త ఆల్ఫా దానంతటదే దిగింది. ప్రాప్ (పికర్‌కి మనమిచ్చే సెట్టింగు) పేరు మారిపోయి క్యాలెండర్ ఖాళీ. వెర్షన్ బిగించాక ఆ గొడవ లేదు.

అసలు టెన్షన్ పెట్టింది వేరే. 15న బుక్ చేస్తే డేటాబేస్‌లో 14 పడేది. పికర్ ఇచ్చేది మన టైమ్‌లో 15వ తేదీ 00:00. దాన్ని టుఐఎస్ఓస్ట్రింగ్‌తో (తేదీని యూటీసీ, అంటే గ్రీన్‌విచ్ టైమ్‌లో రాసిచ్చే జావాస్క్రిప్ట్ ఫంక్షన్) మారిస్తే ఐదున్నర గంటలు వెనక్కెళ్లి 14వ తేదీ 18:30 అవుతుంది. పికర్‌ను అనడానికి లేదు, జావాస్క్రిప్ట్ డేట్ 1995 నుంచీ అంతే. జావాస్క్రిప్ట్ కొత్త తేదీల పద్ధతి టెంపోరల్‌లోని ప్లెయిన్‌డేట్‌కి (టైమ్ లేని ఉత్త తేదీ) ఈ తంటా లేదు. 2025లో ఫైర్‌ఫాక్స్ 139లో వచ్చింది కూడా. మేమైతే అప్పటికే తేదీని ఉత్త స్ట్రింగ్‌గా (అక్షరాలుగా) దాచడం మొదలుపెట్టేశాం.

టైమ్ పికర్ సంగతి మొన్న పెళ్లిళ్ల సీజన్లో తెలిసింది. అనంతపురం నుంచి వచ్చిన పెళ్లికూతురి నాన్నగారు శుక్రవారం నొక్కి, ముహూర్తం 2:40 ఏఎం పెట్టారు. సిస్టమ్ గురువారం రాత్రికి హాలు ఇచ్చింది. మేనేజర్ శుభలేఖ చూసి, "ఏమండీ, మీ లెక్కన పెళ్లి ఒకరోజు ముందే అయిపోతుంది" అన్నారట. పంచాంగంలో సూర్యోదయమైతేనే రోజు మారుతుంది, పికర్‌లో అర్ధరాత్రికే మారిపోతుంది.

ఇప్పుడు తెల్లవారుజాము టైమ్ ఎంచుకుంటే పికర్ కింద మేం రాసుకున్న లైను కనిపిస్తుంది: "శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం. అవునా?"