యథాతథ ఒప్పందమా, విలీన పత్రమా? 1947లో నిజాం ముందున్న రెండు దారులు

వదులుకునేది: విలీన పత్రంతో రక్షణ, విదేశాంగం, కమ్యూనికేషన్లు ఢిల్లీకి పోతాయి, మిగతా పాలన సంస్థానానిదే. యథాతథ ఒప్పందంలో బ్రిటిష్ హయాంలోని ఏర్పాట్లే కొనసాగుతాయి, సార్వభౌమత్వం ఎవరిదన్న ప్రశ్న మాత్రం వాయిదా పడుతుంది.

గడువు: మొదటిదానికి లేదు. రెండోదానికి సంతకం చేసిన 1947 నవంబర్ 29 నుంచి ఒక్క ఏడాది.

సైన్యం: యథాతథ ఒప్పందం ప్రకారం యుద్ధకాలంలో తప్ప భారత సేనలు హైదరాబాద్‌లో ఉండకూడదు. నిజాంకు ఇది పెద్ద గెలుపే. కానీ సికింద్రాబాద్ నుంచి ఆ దళాలు వెళ్లాక రజాకార్లకు అడ్డులేకుండా పోయింది, ఆ మూల్యం పల్లెలు చెల్లించాయి.

తగాదా వస్తే: మధ్యవర్తులకు అప్పగించాలని యథాతథ ఒప్పందంలోనే ఉంది. ఆచరణలో అది పనిచేయలేదు. హైదరాబాద్ పాకిస్తాన్‌కు ఇచ్చిన 20 కోట్ల రూపాయల అప్పు, భారత కరెన్సీపై పెట్టిన ఆంక్షలు ఒప్పంద ఉల్లంఘనలేనని ఢిల్లీ అంది. మరి భారత్ తమపై పెట్టిన ఆర్థిక దిగ్బంధం సంగతేమిటని హైదరాబాద్ అడిగింది. 1948 జూన్‌లో చర్చలు తెగిపోయాయి, సెప్టెంబర్ 13న సైన్యం దిగింది.

ఏది ఎవరికి: రేవు ఉండి, బయట గట్టి మిత్రుడుండి, ఇంట్లో ప్రజల మద్దతున్న పాలకుడికి ఏడాది గడువు పనికొస్తుంది. నలువైపులా భారత భూభాగమే ఉన్న హైదరాబాద్‌కు ఈ మూడూ లేవు. అలాంటి చోట బేరమాడే బలం ఉండగానే విలీన పత్రంపై సంతకం చేసి, షరతులు రాయించుకోవడమే మేలు.