పొందూరులో ఒక పూట, శ్రీకాకుళంలో రెండు రోజులు

శ్రీకాకుళం వెళ్తున్నామంటే అందరూ అడిగేది ఒకటే: "అరసవల్లికా?" మేమూ ఇదివరకు రెండుసార్లు సూర్యనారాయణస్వామి దర్శనం చేసుకుని, అదే సాయంత్రం విశాఖ తిరిగొచ్చేసిన వాళ్లమే. ఈ డిసెంబరులో మాత్రం నేను, మా ఆవిడ, పదేళ్ల మా అమ్మాయి అక్కడే రెండు రోజులు ఉండి చూద్దామని వెళ్లాం.

రైల్లో వెళ్లేవాళ్లకి ముందే ఒక మాట. శ్రీకాకుళం రోడ్ స్టేషను టౌన్లో లేదు, ఆమదాలవలసలో ఉంది. అక్కడి నుంచి ఇంకా పదమూడు కిలోమీటర్లు ప్రయాణం చేయాలి. తెల్లవారుజామున దిగితే ఆటో బేరం మన చేతిలో ఉండదు. వెలుతురొచ్చాక దిగే బండి చూసుకుంటే మంచిది.

లాడ్జి సంగతి క్లుప్తంగా చెప్తాను. ఫోన్లో ఫొటోలు చూసి బుక్ చేసిన గది వేరు, మాకిచ్చిన గది వేరు. గీజరు పనిచేయలేదు. రాత్రంతా లారీల హారన్లు. అక్కడ పనిచేసే కుర్రాడు మాత్రం అడగకుండానే రెండు బకెట్ల వేడినీళ్లు పైకి మోసుకొచ్చి పెట్టాడు, ఆ సాయం మర్చిపోలేను. పెద్దవాళ్లతో వెళ్తుంటే గది కళ్లతో చూశాకే డబ్బులు కట్టండి, రోడ్డు వైపు గది వద్దని చెప్పండి.

పొద్దున్నే ఆటో మాట్లాడుకున్నాం, రోజంతటికీ 1500. డ్రైవరు దారిలో ఒక చెట్టు కింద ఆపి "అంబలి తాగుతారా బావూ?" అన్నాడు. ఇక్కడ రాగుల్ని చోళ్లంటారు. పులిసిన చోడి అంబలిలో మజ్జిగ కలిపి, పచ్చి ఉల్లిపాయ, వేయించిన ఎండుమిరపకాయ పక్కన పెట్టి ఇచ్చారు. హోటల్లో తిన్న పూరీ కంటే ఇదే మధ్యాహ్నం దాకా నిలబెట్టింది. మా అమ్మాయి రెండో గ్లాసు అడిగింది.

అక్కడి నుంచి ఖద్దరుకి పేరున్న పొందూరు. ఈ యాత్రలో నేను ఎవరికైనా గట్టిగా చెప్పేది ఈ ఊరి గురించే. ఖద్దరు దుకాణంలో అడిగితే నూలు వడికేవాళ్ల వీధి చూపించారు. అరుగు మీద ఒక ముసలమ్మ దూది ముందేసుకుని కూర్చుంది. "ఏటి సూత్తారు బావూ, కూకోండి" అని చాప జరిపింది. ఆమె చేతిలో ఉన్నది దువ్వెన అనుకున్నాను. కాదు, వాలుగ చేప దవడ. ఎముక మీద సూదిమొనల్లాంటి సన్నటి పళ్లు. గింజ తీయని పత్తిని ఎడమచేత్తో పట్టుకుని, ఆ పళ్లతో మెల్లగా దువ్వుతుంటే నలుసంతా రాలిపోయి, పోగులు ఒకే వైపుకు తిరిగి పట్టులా మెరిశాయి. తర్వాత గింజ తీయడం, చిన్న వింటితో ఏకడం, ఆ దూదిని ఏకులుగా చుట్టడం. ఏకులు నలగకుండా ఎండిన అరటి డొప్పలో దాచుకుంటారు. ఆ తర్వాతే రాట్నం. దారం తీస్తుంటే వెలుతురుకి ఎదురుగా చూస్తే తప్ప నా కంటికి ఆనలేదు. 100 నంబరు నూలు, అంటే అంత సన్నటి దారం, ఇలా చేత్తోనే వస్తుంది. గాంధీగారు ఈ ఖద్దరు సంగతి విని తన కొడుకు దేవదాస్ గాంధీని ఇక్కడికి పంపింది ఎందుకో అప్పుడు అర్థమైంది.

"మీ కోడళ్లకి నేర్పారా అమ్మా?" అని మా ఆవిడ అడిగింది. "ఆళ్లెందుకు నేర్సుకుంతారమ్మా, కూలేటి గిట్టుతాది?" అంది. ఆ వీధిలో మేం చూసిన వాళ్లంతా ఆమె వయసువాళ్లే. అందుకే చెప్తున్నాను, వెళ్లేవాళ్లు ఇప్పుడే వెళ్లండి. ఫొటోకి ముందు అడగండి. పంచె ధర చూసి బేరమాడకండి. నేను నాన్నకి ఒకటి, నాకొకటి తీసుకున్నాను. ధర ఎక్కువే, కానీ ఆ అరుగు మీద గంటసేపు కూర్చుని వచ్చాక ఎక్కువనిపించలేదు.

రెండో రోజు శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం. శ్రీకూర్మంలో కూర్మావతార స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, గుడికి రెండు ధ్వజస్తంభాలు. ప్రాకారం గోడల మీద పాత రంగుల చిత్రాలున్నాయి, హడావిడిలో చాలామంది చూడకుండానే వచ్చేస్తారు. మా అమ్మాయిని మాత్రం గుడిలో పెంచే నక్షత్ర తాబేళ్ల దగ్గర నుంచి కదిలించడం మా వల్ల కాలేదు.

శాలిహుండం వంశధార ఒడ్డున కొండ మీది బౌద్ధక్షేత్రం. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారే 1919లో దీన్ని వెలుగులోకి తెచ్చారు. ఇటుక స్తూపాల మధ్య నిలబడితే కింద నది సముద్రం వైపు పోతూ కనిపిస్తుంది. మేం ఉన్నంతసేపూ మరో నలుగురు కూడా రాలేదు. నీళ్లు తీసుకెళ్లండి, ఎండెక్కకముందే ఎక్కండి.

కళింగపట్నంలో లైట్‌హౌసు, వంశధార సాగరసంగమం ఉన్నాయి. ఒడ్డు బాగుంది కానీ చెత్త ఎక్కువ. టైము తక్కువుంటే దీన్ని వదిలేసి ఆ పూట కూడా పొందూరుకే ఇవ్వమంటాను. అయితే దారిలో ఒక చిన్న మెస్సులో తిన్న చేపల పులుసు కోసం ఆగొచ్చు. చింతపండు పులుపు ముందు తగిలి, చివర మెంతుల చిరుచేదు నాలుక మీద మిగిలింది. వడ్డించినావిడ "ఇంకొంచెం ఎయ్యనా" అంటూనే వేసేసింది.

శ్రీముఖలింగం, బుడితి ఇత్తడి పనివాళ్లు, మందస కోవా ఈసారికి కుదరలేదు. వేసవి ఎండలు ముదరకముందే మూడు రోజులు పెట్టుకుని మళ్లీ వెళ్తాం. ఆ ఆటో డ్రైవరు నంబరు దాచుకున్నాను.