వాన లేని జనవరిలో కాలిఫోర్నియా కెరటాలు: పసిఫికా నుంచి శాన్ డియేగో దాకా

జనవరిలో ఇక్కడి ఎండ చూసి సముద్రాన్ని అంచనా వేయకండి. ఆకాశంలో మబ్బు తునక ఉండదు, గాలి ఉండదు, జనం టీషర్టులతో తిరుగుతుంటారు. అదే పూట నీళ్ళలో మనిషి తల ఎత్తున కెరటాలు విరుగుతుంటాయి. 2025 సంక్రాంతి వెళ్ళాక వచ్చిన లాంగ్ వీకెండ్‌కి ఇంకో రెండు రోజులు సెలవు కలుపుకుని, శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియా నుంచి శాన్ డియేగోలో ఉన్న మా బావ వాళ్ళింటి దాకా సర్ఫింగ్ నేర్చుకుంటూ వెళ్ళాం. మా ఆవిడ, మా అమ్మాయి, నేను. ముగ్గురికీ ఈత వచ్చు, బోర్డు మాత్రం కొత్త. కాబట్టి ఇది కొత్తవాళ్ళ కోసం రాస్తున్నదే.

ముందు వాతావరణం సంగతి. ఆ చలికాలం ఉత్తరాన నవంబరు, డిసెంబరుల్లో వానలు బాగానే పడ్డాయి. దక్షిణం మాత్రం ఎండిపోయింది. 2024 మే మొదటి వారం నుంచి జనవరి మొదటి వారం దాకా లాస్ ఏంజలెస్ డౌన్‌టౌన్‌లో కురిసింది 0.16 అంగుళాలు, అంటే నాలుగు మిల్లీమీటర్లు. పసిఫిక్ మధ్యలో భూమధ్యరేఖ దగ్గర నీళ్ళు చల్లబడే లా నీనా వచ్చేసిందని జనవరి 9న అమెరికా వాతావరణ సంస్థ నోవా ప్రకటించింది. ఇలాంటి రోజుల్లో తీరానికి ఎదురుగా అధిక పీడనం తిష్ట వేసుకుని, తుఫాన్లను అలాస్కా వైపు నెట్టేస్తుంది. వాన మనదాకా రాదు. కానీ ఆ తుఫాన్లు నడిసముద్రంలో లేపిన కెరటాలను ఆపేదేమీ లేదు, అవి తాపీగా తీరానికి వచ్చేస్తాయి. పైగా ఇక్కడ గాలి లేదు కాబట్టి నునుపుగా, వరసలు కట్టి వస్తాయి. రిజర్వాయర్లు చూసుకునేవాళ్ళు దిగులుపడే చలికాలం సర్ఫర్లకు పండగ అవుతుంది.

మా మొదటి కోచ్ నేర్పిన ఒక్క విషయం ఫీజు మొత్తానికీ సరిపోయింది. ఫోన్‌లో కెరటం ఎత్తు ఒక్కటే చూడొద్దు, పక్కనున్న సెకన్లు చూడు అన్నాడు. ఒక కెరటానికీ తర్వాతి కెరటానికీ మధ్య ఎడం అది. ఎనిమిది సెకన్ల కెరటం లోతు నీళ్ళలో సుమారు 100 మీటర్ల పొడవుంటుంది, పదిహేడు సెకన్లదైతే 450 మీటర్లు. సముద్రంలో తేలుతూ కెరటాలను కొలిచే బోయ్ రెండింటికీ ఆరడుగులనే చూపించొచ్చు. మొదటిది గాలికి రేగిన గలాటా. రెండోది రెండున్నర రోజుల్లో మూడు వేల కిలోమీటర్లు నడిచొచ్చిన బలం, ఒడ్డు దగ్గర అడుగు తగిలేసరికి అమాంతం పైకి లేస్తుంది. ఇంకో తిరకాసు ఉంది. ఇవి గుంపులుగా వస్తాయి, మధ్యలో పావుగంటకు పైగా ఏమీ ఉండకపోవచ్చు. ఆ పావుగంటే చూసి రాళ్ళ మీద ఫొటోలకు దిగినవాళ్ళను ఈ తీరం ఏటా పొట్టన పెట్టుకుంటోంది. దిగేముందు ఇరవై నిమిషాలు ఒడ్డున కూర్చుని చూడటం భయం కాదు, పద్ధతి.

పసిఫికాలోని లిండా మార్ మాకు దగ్గర. ఇసుక అడుగు, రాళ్ళ బెడద లేదు, బోర్డులూ, చలి నీళ్ళలో ఒంటికి అతుక్కునేలా వేసుకునే వెట్‌సూట్లూ అద్దెకిచ్చే షాపులు నడిచేంత దూరంలో. ఒడ్డుకు ఆనుకునే టాకో బెల్ ఫాస్ట్‌ఫుడ్ షాపు ఉంది, చలికి వణుకుతూ బయటికొచ్చాక దాని విలువ తెలుస్తుంది. లోటల్లా జనం. ఎండ కాసిన శనివారం ఒక్కో కెరటం మీద నలుగురు. పెద్ద సెకన్ల రోజున కెరటం మూసుకుపోయినట్టు ఒక్కసారే విరుగుతుంది, నేర్చుకునేవాళ్ళకు నురగే దిక్కు. పొద్దున్నే వెళ్ళొచ్చేయడానికి సరే గానీ, దీనికోసం బస అక్కర్లేదు.

శాంటా క్రూజ్ సంగతి వేరు. కావెల్ బీచ్‌ని ఆ పక్క కొండకొమ్ము వాయవ్యం నుంచి కాస్తుంది. కొమ్ము చివర స్టీమర్ లేన్‌లో ఆరితేరినవాళ్ళు పెద్ద కెరటాలతో కుస్తీ పడుతుంటే, అవే మెత్తబడి కావెల్‌కి నడుమెత్తున వస్తాయి. కొత్తవాళ్ళు వెతుక్కోవలసింది ఇలాంటి చాటునే. పోటు బాగా ఎక్కితే ఇక్కడ కెరటం విరగదు. అందుకని మా సర్ఫ్ స్కూల్ వాళ్ళు ముందురోజే మెసేజ్ పెట్టి క్లాసుని తెల్లవారుజాముకి జరిపారు. విసుక్కుంటూ లేచాం, వాళ్ళదే రైటు. నలుగురికి ఒక కోచ్, రెండు గంటలు, మనిషికి వంద డాలర్ల పైచిలుకు. మా అమ్మాయి లేచి నిలబడింది, నేను మోకాళ్ళ దాకా వచ్చాను.

నీళ్ళు 13 డిగ్రీల సెల్సియస్. రుషికొండలో జనవరిలోనూ బనీనుతో దిగిపోయిన వాణ్ణి, ఆ మొదటి ముంపు మాటల్లో చెప్పలేను. 4/3 వెట్‌సూట్ ఇస్తారు, అంటే ఒంటికి నాలుగు మిల్లీమీటర్లు, కాళ్ళూచేతులకు మూడు. బూటీలు కూడా అడిగి తీసుకోండి. వెట్‌సూట్‌ని జనానికి అలవాటు చేసిన జాక్ ఓనీల్ ఉన్న ఊరిదే.

బస మాత్రం ఆ ఊళ్ళో బెడిసింది. సముద్రం కనిపించే గదని ఎక్కువ పుచ్చుకున్నారు, కిటికీ తీస్తే ముందు బోర్డ్‌వాక్ అనే ఆటల పార్కు రంగులరాట్నాలు, వాటి సందుల్లో కాస్త నీలం. హీటర్ రాత్రంతా గురక పెట్టింది. దానికి బదులు లైట్‌హౌస్‌లోని చిన్న సర్ఫింగ్ మ్యూజియం చూడండి. 1885లో ముగ్గురు హవాయి రాకుమారులు రెడ్‌వుడ్ పలకల మీద శాన్ లొరెంజో నది మొగలో కెరటాలెక్కిన ఊరిది. మేం వెళ్ళడానికి ముందు, 2024 డిసెంబరు 23న, పెద్ద కెరటాలకు సముద్రంలోకి కట్టిన ఊరి వార్ఫ్ చివర సుమారు 150 అడుగులు ఊడి నీళ్ళలో పడింది. దాని మీది బాత్‌రూమ్ బిల్డింగు తేలుకుంటూ ఆ నది మొగకే చేరింది! పడిన ముగ్గురూ బతికారు. ఆ రోజూ వాన కాదు చేసింది, కెరటమే.

పిస్మో బీచ్‌లో రాత్రి ఆగాం. పియర్ దగ్గర పాత మోటెల్, ఆదరంగా చూశారు, తడి సూట్లు ఆరేసుకోవడానికి బయట గొట్టం, కొక్కేలు. శాంటా క్రూజ్ గదిలో సగం ఖరీదు. సర్ఫ్‌కి మాత్రం చాటు తక్కువ, మేం దిగలేదు.

పాయింట్ కన్సెప్షన్ దాటాక తీరం తూర్పుకి తిరుగుతుంది. వాయవ్యపు కెరటాలు చాలావరకు పక్కనుంచి వెళ్ళిపోతాయి, మిగిలినవాటికి ఛానెల్ ఐలాండ్స్ అడ్డు. మాలిబు దారిలో ఆ నెల రేగిన కార్చిచ్చు వల్ల హైవే 1 మూసేశారు, హైవే 101 నుంచి హైవే 5 పట్టుకున్నాం. పసిఫిక్ పాలిసేడ్స్ వైపు సముద్రంలో దిగొద్దని కౌంటీ ఆదేశం. ఇళ్ళు కాలిపోయినవాళ్ళ ఊరి పక్కనుంచి బోర్డు గురించి మాట్లాడుకుంటూ వెళ్ళడం ఇబ్బందిగానే అనిపించింది, చాలాసేపు కార్లో ఎవరం మాట్లాడలేదు.

కుటుంబంతో వెళ్ళేవాళ్ళకు నా ఓటు శాన్ డియేగోలోని లా హోయా షోర్స్ బీచ్‌కే. అక్కడ నీటి అడుగునున్న లోయ కెరటాన్ని ఒకచోట పీల్చేసి, కాస్త ఉత్తరాన బ్లాక్స్ బీచ్‌కి పోగేస్తుంది. అందుకే రెండు మైళ్ళ లోపే పిల్లలు ఆడుకునే కెరటాలూ, చూస్తేనే గుండె జారేవీ ఉంటాయి. మేం వెళ్ళినప్పుడు కెల్లాగ్ పార్క్ పార్కింగ్ లాట్ ఉచితం, తొందరగా నిండుతుంది. లైఫ్‌గార్డులు, షవర్లు ఉన్నాయి. నీళ్ళు రెండు డిగ్రీలు వెచ్చన. అక్కడి కోచ్ మాత్రం ఫోన్‌లోనే ఎక్కువ ఉన్నాడు, మేం నేర్చుకున్నదంతా శాంటా క్రూజ్ పుణ్యమే. భోజనాలకు మిరామెసాలో బ్లాక్ మౌంటెన్ రోడ్డు, సాంబారు కోసం వెతుక్కునే పని లేదు.

మేం తిరుగుప్రయాణం కట్టేనాటికి ఆ వారాంతానికి దక్షిణాన వాన అంటున్నారు, అలాగే పడింది. ఎండాకాలమంతా రోడ్ల మీద పేరుకున్న చెత్త, నూనె, ఈసారి బూడిద కూడా మొదటి వానకు కాలవల్లోంచి సముద్రంలోకి చేరతాయి. వాన ఆగాక 72 గంటలు నీళ్ళలోకి దిగొద్దని కౌంటీ ఆరోగ్యశాఖలు చెప్పేది అందుకే. చలికాలం సర్ఫ్ క్లాసు బుక్ చేసేముందు, వాన పడితే డబ్బు వెనక్కిస్తారా, ఇంకో రోజుకి మారుస్తారా అడిగి ఉంచుకోండి. మా శాంటా క్రూజ్ స్కూల్ మారుస్తామంది, శాన్ డియేగోలోది రెండూ కుదరవంది.