ఆ తొమ్మిది నెలలు చూపించని సినిమా

నెట్‌ఫ్లిక్స్‌లో ఉన్న ‘ద ఉమన్ ఇన్ ద విండో’ గురించి రాస్తున్నాను. 2021లో వచ్చిన సినిమా, కొత్తదేం కాదు. మా వదిన ఫోన్ చేసి, “నీ దగ్గరికి వచ్చేవాళ్ల కథే, తప్పకుండా చూడు” అని గట్టిగా చెప్పింది. నేను బెంగళూరులో కౌన్సెలర్‌ని. మారతహళ్లి, కె.ఆర్.పురం వైపు ఉండే తెలుగు కుటుంబాలే నా దగ్గరికి ఎక్కువగా వస్తాయి. అందుకే చాలా ఆశతో కూర్చున్నాను. హంతకుడెవరో కూడా చెప్పేయబోతున్నాను. సినిమా చూడాలనుకునేవాళ్లు చూశాకే ఇది చదవండి.

అన్నా ఫాక్స్ పిల్లల సైకాలజిస్ట్. న్యూయార్క్‌లో, మాన్‌హట్టన్‌లోని ఒక పాత మేడలో ఒంటరిగా ఉంటుంది. బయటికి వెళ్లాలంటేనే భయపడే జబ్బు, అగోరఫోబియా వల్ల నెలల తరబడి గడప దాటలేదు. భర్తతో, కూతురితో ఫోన్‌లో మాట్లాడుతుంటుంది. మందులు వేసుకుంటూనే వైన్ తాగుతుంది, పాత సినిమాలు చూస్తుంది, కిటికీలోంచి ఎదురింటివాళ్లని గమనిస్తుంది. ఒక రాత్రి ఆ ఇంట్లో ఒక స్త్రీని ఎవరో పొడవడం కళ్లారా చూస్తుంది. పోలీసులొస్తారు. ఆ ఇంటి యజమాని వేరొక స్త్రీని తీసుకొచ్చి, నా భార్య ఈమే, బతికే ఉందంటాడు. అన్నా చూసింది నిజమా, భ్రమా?

మొదటి అరగంట నాకు నిజంగా నచ్చింది. అమీ ఆడమ్స్ ఆ పాత్రని ఒళ్లు దాచుకోకుండా చేసింది. తలుపు కొట్టిన చప్పుడుకి భుజాలు పైకి లేవడం, రోజులో ఏ పూటో కూడా తెలియని ఆ నడక, మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఎటో వెళ్లిపోవడం... ఇలాంటి మనుషుల్ని నేను ఎదురుగా కూర్చుని చూస్తుంటాను కాబట్టి చెబుతున్నాను, ఆమె ఎక్కడా అతి చేయలేదు. బ్రూనో డెల్బొనెల్ కెమెరా ఆ ఇంటిని ఆశ్రయంగానూ చూపిస్తుంది, జైలుగానూ చూపిస్తుంది. తర్వాత కత్తిపోటుకి గురయ్యే ఆ స్త్రీగా జూలియన్ మూర్ వచ్చి వైన్ తాగుతూ కబుర్లు చెప్పే సన్నివేశంలో ఇద్దరు ఒంటరి ఆడవాళ్లకి మాట కలిసిన సంతోషం ఎంత సహజంగా ఉందో! సినిమా అంతా ఆ ఇద్దరి మధ్యే నడిచినా చూసేదాన్ని.

అగోరఫోబియా అంటే మైదానాల్లాంటి చోట్ల కలిగే భయం అని చాలామంది అనుకుంటారు. అసలు భయం ఇంకొకటి. ఒంట్లో ఏదైనా తేడా చేస్తే ఇక్కడి నుంచి బయటపడలేను, సాయం దొరకదు అనేదే అసలు భయం. మన బెంగళూరులో ఇది ఎక్కువగా ట్రాఫిక్ ఆగిపోయే సిల్క్ బోర్డ్ కూడలి దగ్గర బయటపడుతుంది. బస్సు ఫ్లైఓవర్ మీద ఆగిపోయింది. ముందుకి కదలదు, దిగడానికి వీల్లేదు. గుండె దడదడలాడుతుంది, ఊపిరి అందదు, చేతులు చల్లబడతాయి, ఇక చచ్చిపోతానేమో అనిపిస్తుంది. మర్నాడు బస్సు మానేస్తారు. తర్వాత క్యాబ్, ఆ తర్వాత లిఫ్ట్. చివరికి పాల ప్యాకెట్ కోసం కిందికి దిగడం కూడా ఆగిపోతుంది. ఆ స్త్రీని కాపాడాలని అన్నా బయటికి వచ్చి, వీధి దాటలేక కుప్పకూలినప్పుడు ఆ భయాన్ని సినిమా నిజాయితీగానే చూపించింది.

అక్కడి నుంచే దిగజారింది. ఈ సినిమా వెనక పెద్ద కథే ఉంది. 2019 అక్టోబర్‌లో థియేటర్లకి రావాల్సింది. ముందస్తు ప్రదర్శనల్లో ప్రేక్షకులు తికమకపడ్డారని మళ్లీ కొంత తీశారు, మార్చారు. అంతలో కోవిడ్ వచ్చింది. చివరికి 2021 మే 14న నేరుగా నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైంది. ఆ అతుకులు రెండో సగంలో కనబడుతూనే ఉంటాయి. ఎదురింటి యజమానిగా గ్యారీ ఓల్డ్‌మన్ అంతటి నటుడు వచ్చినప్పుడల్లా అరిచి వెళ్లిపోతాడు. అసలు భార్యగా వచ్చిన జెన్నిఫర్ జేసన్ లీకి నిలబడటం తప్ప పనే లేదు. దర్శకుడు జో రైట్ ఇంతకుముందు మంచి సినిమాలు తీసినవాడు కాబట్టి ఇంకా బాధనిపించింది.

నన్ను ఎక్కువగా కదిలించిన చోటు వేరే ఉంది. అన్నా భర్త, కూతురు బతికి లేరని డిటెక్టివ్ అందరి ముందూ చెబుతాడు. మంచులో జరిగిన కారు ప్రమాదంలో ఇద్దరూ పోయారు. కారు నడిపింది ఆమే. ఇన్నాళ్లూ ఫోన్‌లో మాట్లాడుతున్నది చనిపోయినవాళ్లతో. ఆ క్షణంలో అమీ ఆడమ్స్ ముఖం చూసి నేను పాజ్ చేసి కాసేపు ఊరికే కూర్చున్నాను. బిడ్డ పోయిన తల్లి, అందులో తన తప్పు ఉందని నమ్మే తల్లి, ఇంటి గడప ఎందుకు దాటలేకపోతోందో అంతా అందులోనే ఉంది. సినిమా మాత్రం దాని మీద నిలబడలేదు. ఆమె చనిపోవాలని నిర్ణయించుకుంటుంది. అంతలో తన పిల్లి ఫొటోలో, వైన్ గ్లాసు మీద పడిన ప్రతిబింబంలో, కత్తిపోటు తిన్న ఆ స్త్రీ ముఖం కనిపిస్తుంది. అంతే, దుఃఖాన్ని వదిలేసి కథ మళ్లీ హత్య వెంట పరుగెత్తింది. అంత పెద్ద శోకాన్ని ఒక మలుపు కోసం వాడుకుని పక్కన పడేయడం నాకు అన్యాయంగా అనిపించింది.

హంతకుడు ఎదురింటి పిల్లాడు ఈథన్, పదిహేనేళ్లవాడు. మొదట్లో ఆమె దగ్గరికి బెరుకుగా వచ్చి కన్నీళ్లు పెట్టుకున్నది వాడే. అన్నా చదివిందే పిల్లల మనసు. వాడి మాటలో ఎక్కడో ఒక తేడా, తప్పు సమయంలో వచ్చిన ఒక నవ్వు ఆమెకి పట్టుబడి ఉంటే, “నాకు జబ్బుంది కాబట్టి నా తీర్పుని నేనే నమ్మలేకపోతున్నాను” అనే పోరాటం మొదలయ్యేది. సైకలాజికల్ థ్రిల్లర్ అంటే నాకు అదీ. ఇక్కడ వాడే ఆమె ఇంట్లోకి దూరి, తను చేసినవన్నీ వరసగా చెప్పేస్తాడు. ఆమె చదువు ఎందుకూ పనికిరాలేదు.

ఇక చివర. వర్షంలో, మేడ మీద ఇద్దరూ కలబడతారు. ఆమె వాడిని పైకప్పు అద్దంలోంచి కిందికి తోసేస్తుంది. ఆసుపత్రి. తర్వాత తొమ్మిది నెలలు గడిచాయంటారు. అన్నా తాగుడు మానేసి, మామూలు మనిషై, ఆ ఇల్లు ఖాళీ చేసి బయటికి నడుస్తుంది.

నా గొడవంతా ఇక్కడే. మన ఇళ్లలో ఈ జబ్బు గురించి అనే మాటలు నాకు కంఠతా వచ్చు. “మనసు గట్టి చేసుకో.” “ఒక్కసారి ధైర్యం చేసి వెళ్తే అదే పోతుంది.” ఇష్టం లేకపోయినా చెయ్యి పట్టి లాక్కెళ్లి రద్దీ బజారులో నిలబెట్టినవాళ్లున్నారు. ఆ తర్వాత ఆ మనిషి నెలల పాటు గది కూడా దాటలేదు. ఈ సినిమా వాళ్లకి వత్తాసు పలికింది. గట్టి దెబ్బ ఒకటి తగిలితే భయం వదిలిపోతుందని చెప్పింది. నిజంగా తగ్గేది మెట్టు మెట్టుగా. ముందు తలుపు తీసి గుమ్మంలో నిలబడటం, తర్వాత అపార్ట్‌మెంట్ గేటు, తర్వాత మలుపులో ఉన్న దర్శిని (చిన్న టిఫిన్ హోటల్) దాకా వెళ్లి కాఫీ, ఆ తర్వాత రద్దీ లేని వేళ బస్సులో ఒక్క స్టాపు. భయం పైకి లేచి, మనం పారిపోకపోయినా దానంతట అదే దిగుతుందని శరీరానికి అనుభవంలో తెలియాలి. కొందరికి మందులూ కావాలి. ఆ తొమ్మిది నెలల్లో జరిగింది అదే అయ్యుండాలి. అన్నా మొదటిసారి గేటు దాకా నడిచిన రోజు ఎంత టెన్షన్‌గా ఉండేదో! హంతకుడి కత్తికి అంత టెన్షన్ రాదు.

అన్నా టీవీలో హిచ్‌కాక్ ‘రియర్ విండో’ కనిపిస్తుంది. 1954 నాటి ఆ సినిమాకి ఇది పెట్టిన దండం. అందులో జేమ్స్ స్టీవర్ట్ కాలు విరిగి కట్టుతో కుర్చీకి అతుక్కుపోయి ఉంటాడు. హంతకుడు మీదికొచ్చినా లేవలేడు, కెమెరా ఫ్లాష్ బల్బులు వెలిగించి వాడి కళ్లు బైర్లు కమ్మేలా చేస్తాడు. చివరికి రెండో కాలూ విరుగుతుంది! అతని అశక్తతని హిచ్‌కాక్ చివరిదాకా వదల్లేదు, అందుకే మన గుండె అంతగా కొట్టుకుంటుంది. ఇక్కడ దండం పెట్టారు గానీ ఆ సంగతి పట్టుకోలేదు.

నా రేటింగ్ ఐదుకి రెండు. ఆ రెండూ అమీ ఆడమ్స్‌వే. ఇంట్లో ఎవరికైనా ఇలాంటి భయం ఉంటే, ధైర్యం వస్తుందని వాళ్లకి ఈ సినిమా చూపించకండి. దాని బదులు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. నటన కోసం చూడాలనుకునేవాళ్లు డిటెక్టివ్ నిజం చెప్పే సన్నివేశం దాకా చూసి అక్కడ ఆపేయొచ్చు.