కాయిల్ స్ప్లిట్ పెట్టిస్తున్నారా? ముందు పికప్ నుంచి ఎన్ని తీగలు వస్తున్నాయో చూడండి

గిటార్ రీవైరింగ్‌కి ఇచ్చినప్పుడు షాపువాళ్లు "ఎలాగూ విప్పుతున్నాం కదా సార్, కాయిల్ స్ప్లిట్ కూడా పెట్టేద్దాం, ఒక గిటార్‌లో రెండు గిటార్లు" అంటే వెంటనే సరే అనేయకండి. హైదరాబాద్‌లో ఒక రిపేరు షాపులో నాకు జరిగింది చెప్తాను. షాపు పేరు రాయను, పేరుతో పని లేదు, ఇలాంటి మాట మీకు ఎక్కడైనా వినిపించొచ్చు.

నాది రెండు హంబకర్లున్న లెస్ పాల్ తరహా ఎలక్ట్రిక్ గిటార్. పికప్ అంటే స్ట్రింగ్స్ కదలికని సిగ్నల్‌గా మార్చే భాగం, అందులో రెండు కాయిల్స్ ఉంటే హంబకర్. వాల్యూమ్ తిప్పితే గరగర, జాక్ లూజు, అందుకని లోపలి వైరింగ్ మొత్తం మార్చమని ఇచ్చాను. స్ప్లిట్ సంగతి ఎత్తింది వాళ్లే. ఈ పికప్‌లకి అవుతుందా అని అడిగితే "ఏ హంబకర్‌కైనా అవుతుంది సార్" అన్నారు.

అవ్వదండీ. హంబకర్‌లో రెండు కాయిల్స్ సిరీస్‌లో ఉంటాయి. స్ప్లిట్ అంటే ఆ రెండూ కలిసే చోటుని గ్రౌండ్ చేయడం, అప్పుడు ఒక కాయిల్ తప్పుకుని రెండోదే మోగుతుంది. ఆ కలిసే చోటు మన చేతికి అందాలంటే పికప్ నుంచి నాలుగు రంగు తీగలూ, షీల్డు కోసం ఒక ఉత్త తీగా బయటికి రావాలి. నా పికప్‌లవి పాత పద్ధతివి, అల్లిక షీల్డు లోపల ఒకటే తీగ. వీటికి స్ప్లిట్ పెట్టాలంటే మెటల్ కవర్ ఊడదీసి, మైనం తీసి, కాయిల్ చుట్టూ ఉన్న టేపు విప్పి, లోపలి అతుకు వెతికి అక్కడ కొత్త తీగ సోల్డర్ చేయాలి. చుట్టిన రాగి తీగ సాధారణంగా 42 గేజ్, అంటే మందం 0.06 మిల్లీమీటర్ల పైచిలుకు. టేపు కాస్త గట్టిగా లాగితే చాలు, పుటుక్కున తెగుతుంది. నాతో ఒక్క మాట కూడా అనకుండా ఆ పని మొదలుపెట్టారు, బ్రిడ్జి పికప్‌లో (గిటార్ అడుగు కొస వైపున్నది) ఒక కాయిల్ తెంపారు.

తెగిందని చెప్పి ఉంటే ఇంత కోపం వచ్చేది కాదు. తెగిన కాయిల్‌ని షార్ట్ చేసేసి, మిగిలినదాని మీదే నడిపించి, ఏమీ జరగనట్టు గిటార్ చేతిలో పెట్టారు. సౌండ్ ఇంత పలచగా ఉందేంటంటే "స్ప్లిట్ పెడితే కొంచెం తగ్గుతుంది సార్" అట. స్ప్లిట్ పనిచేసేది నాబ్ పైకి లాగినప్పుడే, అప్పుడు తగ్గాలి గానీ, నొక్కి ఉన్నప్పుడెందుకు తగ్గుతుంది? దానికి సమాధానం లేదు.

ఇంటికొచ్చి కేబుల్ గిటార్‌కి పెట్టి, అవతలి ప్లగ్ కొసకీ ఒంటికీ మల్టీమీటర్ ఆనించాను. వాల్యూమ్ ఫుల్, స్విచ్ బ్రిడ్జి మీద. ఇలాంటి పికప్‌కి నాబ్ నొక్కినప్పుడు 8 కిలో ఓమ్‌ల దరిదాపు, లాగినప్పుడు అందులో సగం రావాలి. నాకు నొక్కినా 4, లాగినా 4. ఆంప్ సౌండ్ తగ్గించి స్క్రూడ్రైవర్‌తో పికప్ మీద మెల్లగా తట్టి చూస్తే ఒక వైపు టక్ టక్ మని గట్టిగా వస్తోంది, స్క్రూలున్న వైపు దాదాపు ఏమీ లేదు. పికప్ పైకెత్తి అడుగున చూస్తే కవర్ అంచున కొత్త సోల్డర్ తళతళలాడుతోంది, పక్కనే పాతది మసకబారి ఉంది. ఇంకేం కావాలి సాక్ష్యం?

అసలు స్ప్లిట్ మీకు కావాలా అన్నది ఇంకో సంగతి. 8 కిలో ఓమ్‌ల పికప్‌ని సగం చేస్తే మిగిలేది 4, స్ట్రాట్ గిటార్‌లో వచ్చే ఒకే కాయిల్ పికప్ ఒక్కటే 6 దగ్గర ఉంటుంది. ఓమ్‌లే సౌండ్ కాదనుకోండి, అంచనాకి పనికొస్తుంది. స్ట్రాట్ సౌండ్ వస్తుందని ఆశపడితే నీరసమైన శబ్దమే మిగులుతుంది, పైగా హమ్‌ని (గుయ్‌మనే కరెంటు మోత) అణిచే రెండో కాయిల్ లేదు కాబట్టి అది తిరిగొస్తుంది, కరెంటు పోయి చవక ఇన్వర్టర్ మీద వాయించారంటే చెవులు మూసుకోవాలి. 14, 15 కిలో ఓమ్‌ల పవర్‌ఫుల్ బ్రిడ్జి పికప్ అయితే స్ప్లిట్‌కి అర్థముంది. మామూలు వాటికి నా ఓటు ప్యారలల్ వైరింగ్‌కే: అదే పుష్-పుల్ పాట్‌తో (లాగి నొక్కే నాబ్ కింద ఉండే భాగం) రెండు కాయిల్స్‌నీ పక్కపక్కన కలిపితే సౌండ్ పలచబడుతుంది గానీ హమ్ రాదు. దీనికీ నాలుగు తీగలు కావాల్సిందే.

నాలుగు తీగలున్నా రంగుల విషయంలో జాగ్రత్త, కంపెనీని బట్టి మారతాయి. సీమోర్ డంకన్‌లో ఎరుపు, తెలుపు కలపాలి, హాట్ (సిగ్నల్ తీసుకెళ్లే తీగ) నలుపు. డిమార్జియోలో నలుపు, తెలుపు కలపాలి, హాట్ ఎరుపు. "అన్నీ ఒకటే సార్" అన్నవాడికి గిటార్ ఇవ్వకండి. పుష్-పుల్ పాట్ మామూలు దానికంటే లోతు ఎక్కువ, సన్నటి బాడీలో వెనక మూత పడదు, అదీ ముందే కొలిపించండి.

డబ్బు వాపసు అడిగితే "పాత పికప్‌కి మా గ్యారంటీ లేదు" అన్నారు. బిల్లు మీద వైరింగ్ చార్జీలు అని తప్ప ఇంకో ముక్క లేదు. పికప్ ఇప్పుడు రీవైండింగ్‌కి వెళ్లింది, ఆ ఖర్చు నాదే. మీరు ఇచ్చేటప్పుడు ఒక్కో పికప్ ఓమ్‌లు వాళ్ల ముందే కొలిచి రసీదు మీద రాయించండి, పికప్ విప్పాల్సి వస్తే ముందు ఫోన్ చేయాలని కూడా అందులోనే రాయించండి. తీసుకునేటప్పుడు అక్కడే మీటర్ పెట్టి నాబ్ నొక్కి, లాగి చూశాకే డబ్బులివ్వండి. తీసేసిన పాత పాట్లు, కెపాసిటర్లు కూడా అడిగి తెచ్చుకోండి, అవి మీవే.