ఇంకాలకు ముందటి పెరూ: త్రుహియో నుంచి లాంబయేకె దాకా

పెరూ వెళ్ళిన మనవారిలో ఎక్కువమంది మాచు పిచ్చు చూసి వెనుదిరుగుతారు. ఆ కొండ నగరం 15వ శతాబ్దానిది. దాన్ని కట్టిన ఇంకాల సామ్రాజ్యం వైభవంగా నిలిచింది సుమారు నూరేళ్ళు మాత్రమే. అంతకు వెయ్యేళ్ళకు పైగా ముందు నుంచే ఉత్తర తీరపు ఎడారిలో మోచె ప్రజలు, వారి తరువాత చిమూలు పచ్చి ఇటుకలతో కట్టిన గుళ్ళను, నగరాలను చూడాలన్న కోరికతో మేమిద్దరం ఆరు రోజులు అక్కడే గడిపాము.

రాజధాని లీమా నుంచి ఉత్తర తీరపు నగరం త్రుహియోకు రాత్రి బస్సులో దాదాపు 9 గంటలు పట్టింది. సీట్లు బాగా వెనక్కి వాలడంతో నిద్రకు లోటు కలగలేదు. మొదటి రెండు రాత్రులు ఊరి నడిబొడ్డున ఒక హోటల్లో దిగాము కాని, వాహనాల రొద భరించలేక సముద్రతీరాన ఉన్న వాంచాకోకు మారాము. ఆ నిర్ణయం ఎంతో మేలు చేసింది. అక్కడి జాలరులు తుంగ కట్టలతో అల్లిన సన్నని పడవలపై నేటికీ వేటకు వెళ్తారు. అవే పడవల బొమ్మలు మోచె కుండలపైనా కనిపిస్తాయి కనుక, తెల్లవారి కిటికీలోంచి చూసినదే సాయంత్రం మ్యూజియంలో మళ్ళీ ఎదురయ్యేది. శాకాహారులు మాత్రం "మాంసం వద్దు" అని ఊరుకోకుండా కోడి, చేప కూడా వద్దని విడివిడిగా చెప్పాలి; చిక్కుడు గింజలు కలిపి వేయించిన అన్నం, కర్రపెండలం, చిలగడదుంప ఎక్కడైనా దొరుకుతాయి.

మేము చేసిన పొరపాటు ఒకే రోజులో అన్నీ చూపిస్తామన్న ప్యాకేజీని నమ్మడం. చాన్ చాన్‌లో ముప్పావు గంట, దుకాణాల దగ్గర అంతకంటే ఎక్కువ సేపు ఆపారు. చిమూల రాజధానిగా సుమారు 20 చదరపు కిలోమీటర్లు వ్యాపించి, 1470 ప్రాంతంలో ఇంకాల వశమైన ఆ మట్టి నగరాన్ని అలా చూసి రావడం మనసుకు కష్టమనిపించి, మర్నాడు విడిగా గైడును మాట్లాడుకుని మళ్ళీ వెళ్ళాము. గోడల మీద చేపలు, పక్షులు, వల కళ్ళను పోలిన అల్లిక ఎందుకున్నాయో ఆయన వివరించాకే ఆ ఊరంతా సముద్రం మీద బతికిందని అర్థమైంది. 1986లో యునెస్కో ఈ నగరాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలోనూ, ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోనూ ఒకేసారి చేర్చింది. ఎల్ నినో వానలకు పచ్చి ఇటుక ఎంత తొందరగా కరుగుతుందో ఆ అరిగిన గోడలే చెబుతాయి. నీడ దాదాపు లేదు, గొడుగు తప్పనిసరి.

ఒకే ఒక్క చోటికి సమయముంటే నా ఓటు వాకా దె లా లూనా (చంద్రుడి గుడి) అనే మోచె గుడికే. మోచె ప్రజలు పాత గుడిని కూల్చకుండా దాని గదులను ఇటుకలతో నింపి, పైన మరింత పెద్ద గుడి కట్టేవారు. శతాబ్దాల పాటు అలా మూసుకుపోయినందువల్లే లోపలి గోడలపై ఎరుపు, పసుపు, తెలుపు రంగులు ఇప్పటికీ నిలిచాయి. కోరలతో ఉన్న వారి దేవుడి ముఖం వరుసగా చెక్కిన గోడ ముందు మేము చాలాసేపు మాట లేకుండా నిలబడ్డాము. నరబలి పొందిన బందీల ఎముకలు దొరికినదీ ఇక్కడే. గైడు ఆ సంగతిని దాచలేదు, కథగా పెంచనూ లేదు.

చివరి రెండు రోజులు చిక్లాయోలో ఉండి, లాంబయేకెలోని సిపాన్ రాజసమాధుల మ్యూజియం చూశాము. 1987లో సిపాన్ ఊరి దగ్గర దొంగలు ఒక సమాధిని కొల్లగొట్టాక, పురావస్తు శాస్త్రవేత్త వాల్తెర్ అల్వా బృందం తవ్వకాలు మొదలుపెట్టి చెక్కుచెదరని మోచె ప్రభువు సమాధిని వెలికితీసింది. ఆయన మెడలోని హారంలో కుడివైపు 10 బంగారు, ఎడమవైపు 10 వెండి వేరుశనగ కాయలు ఉన్నాయి. మేము అనంతపురం వాళ్ళం. మా చేలను బతికించిన బుడ్డలు దక్షిణ అమెరికా నుంచే వచ్చాయని చదివినా, అక్కడ ఒక రాజు గుండెల మీద వాటిని చూసినప్పుడు కలిగిన ఆనందం వేరు.

ఈ మ్యూజియానికి కనీసం మూడు గంటలు కేటాయించండి. మేము వెళ్ళినప్పుడు కెమెరాలు, ఫోన్లు బయటే అప్పగించాల్సి వచ్చింది. సోమవారం సెలవు; ఆ రోజు చిక్లాయో చేరేవారు ముందుగా తూకుమె పిరమిడ్ల దిబ్బలను చూసుకోవచ్చునేమో, వెళ్ళే ముందు అక్కడి సెలవు రోజులను కూడా విచారించుకోండి.